పచ్చ బండి, నీలం బండి

నాన్న టైర్ల షాపు శాశ్వతంగా మూసేస్తున్న ఆదివారం. అక్కాచెల్లెళ్ళిద్దరూ అరలు ఖాళీ చేస్తున్నారు.

“ఆ స్టాప్‌వాచ్ మాత్రం నాది.”

“ఎవరు కాదన్నారక్కా?”

“మరి ఇందాకట్నుంచి చేతిలోంచి వదలవేం?”

“గ్రీజు తుడుస్తున్నా.”

“తుడవక్కర్లేదు, ఇటివ్వు. అన్నీ నీకే ఇచ్చారు నాన్న. ఇదొక్కటైనా నాకు రావాలి.”

“ఏమిచ్చారు నాకు?”

“నీలం బండి.”

“ఓరి నాయనో! పాతికేళ్ళ నాటి గొడవ!”

“నీకు పాతికేళ్ళ నాటిది. నాకు నిన్నటిదే. టీవీలో రేసు వస్తే ఇంట్లో ఇద్దరూ ఒకే బండికి జై కొట్టకూడదని రూలు పెట్టిందెవరు? నాన్న. బళ్ళు పంచిందెవరు? నాన్నే. నీకేమో వారం వారం గెలిచే నీలం బండి. నాకు పచ్చది! సగం దారిలో పొగలు కక్కుతూ ఆగిపోయే బండి!”

“ఒకసారి నాలుగో స్థానం వచ్చిందిగా.”

“ఆ రోజు వాన పడి, ముందున్న బళ్ళన్నీ గుద్దుకుంటే వచ్చింది. నువ్వేమో వారం వారం నాన్న ఒళ్ళో కూచుని చప్పట్లు. కుళ్ళి చచ్చేదాన్నే, నిజం చెప్తున్నా. నీ నీలం టోపీ పాత ఇంజనాయిల్లో ముంచింది కూడా నేనే.”

“తెలుసు.”

“తెలుసా?”

“వారం దాకా నీ గోళ్ళు నల్లగానే ఉన్నాయి.”

“మరి నాన్నకి చెప్పలేదేం?”

“ఊరికే.”

“ఊరికే ఏంటే? నువ్వా? చాడీలు చెప్పకపోతే అన్నం అరగనిదానివి!”

“అక్కా, ఆ పై అరలో నోటుబుక్కులు దించు.”

“ఎందుకు? నాన్న రేసు చూస్తూ చుట్టు చుట్టుకీ రాసుకున్న టైములేగా. నీ నీలం బండి గొప్పలు మళ్ళీ నేను చదవాలా?”

“ఎప్పుడైనా తెరిచావా?”

“పుండు మీద కారం చల్లుకోడానికా?”

“తెరువు, ఒక్కసారి.”

“...ఇదేంటి, పచ్చ అని ఉంది.”

“ఇంకోటి తియ్యి.”

“ఇదీ పచ్చే.”

“పదకొండు పుస్తకాలూ అంతే. మొదటిదాని మీద తేదీ చూడు.”

“ఇది... నేను పుట్టకముందుది.”

“అవును. పచ్చ బండి నాన్నది. తనది నీకిచ్చేశారు. ఓడితే అన్నం మానేసి ఏడుస్తానని నాకు గెలిచేది ఇచ్చారు.”

“నీకెప్పుడు తెలిసింది?”

“నాకు పదేళ్ళప్పుడు.”

“ఇన్నేళ్ళూ నోరు విప్పలేదేమే?”

“చెప్తే నాన్న మొత్తం నీకే అయిపోతారని. కుళ్ళు నీ ఒక్కదాని సొత్తా?”

“పిచ్చిదానా, ఒళ్ళో కూచున్నది నువ్వు కదే!”

“కూచున్నా. నా బండి అన్నిసార్లు గెలిచిందే, ఒక్కసారైనా నాన్న కుర్చీలోంచి లేవడం చూశావా? నీది నాలుగో స్థానంలో వచ్చిన రోజు మాత్రం, నేనున్నానన్న సంగతే మర్చిపోయి, నన్ను ఒళ్ళోంచి కింద పడేసి మరీ లేచారక్కా.”