సారె మంచం, పాత వ్యాను

రాజాంలో ఒక అద్దె గది ముందు పాత వ్యాను నిలిపి ఉంది. జాతర్లు తిరిగి గాజులమ్ముకుంటూ అందులోనే కాపురం ఉండాలని దాన్ని కొన్న కొత్త జంట బండి లోపల మాట్లాడుకుంటున్నారు.

"బావ, మంచం కింద నేల రేకు ముట్టుకుంటే పొడైపోతంది, సూడు."

"సూసేను. తుప్పు తినీసింది. మంచం బయటికి తీస్తేనే కొత్త రేకు ఏస్తానన్నాడు వెల్డింగాయన. గంటలో వస్తాడు."

"తియ్యి మరి. మా నాన్న సారెకని సేసిన మంచం, ఒక్క మేకూ కొట్టలేదు. సెక్క సీలలు లాగితే ఏ ముక్కకాముక్క ఊడొస్తాది."

"రాదు. కీళ్లన్నిట్లో జిగురు పోసేసేను."

"ఏటి? ఎప్పుడు?"

"బండిలో బిగించినప్పుడు. గదిలో ఉన్నప్పుడు కిర్రుమంటంటే ఓనరమ్మ నన్ను సూసి నవ్వింది. సిగ్గేసింది."

"నాతో ఒక్క మాట సెప్పకూడదేటి? అలాగే తీద్దామంటే తలుపులో పట్టదు. మూడు కిటికీలకీ పూల తెరలు కుట్టి ఎంత మురిసిపోయేను. రేపు గది ఖాళీ సెయ్యాల. నేల లేని బండిలో ఎక్కడ పడుకుంతాం బావ?"

"కోసీడమే. శుక్రవారం మావ వస్తాడు. కూతురి సారె మంచం కోసినోడి మొహం సూస్తాడేటి?"

"రంపం ఇలాగియ్యి."

"నీకెందుకు?"

"నువ్వు కోస్తే నాన్న సచ్చేదాకా గుర్తెట్టుకుంతాడు. నేను కోస్తే రెండు తిట్లు తిట్టి, అన్నం తిన్నావా అనడుగుతాడు. ఆ మంచం కోడు కదలకుండా పట్టుకో."