తెలిసి చెయ్యి వేసినవాళ్లు

కాదండీ బావగారూ, ఆ టీమ్ లీడ్ ఉదయ్ భాస్కర్‌కి ఇప్పుడు నోరెందుకు పడిపోయిందో చెప్పండి ముందు! ఆ పని పూర్తయిన రోజు కేకు కోసి ఏమన్నాడు? "ఇది మనందరి విజయం" అన్నాడు. మా అమ్మాయి ప్రవీణ బుగ్గకి క్రీమ్ పూసి మరీ ఫొటో దిగాడు. ఇవాళేమో "ఆ బొమ్మకి గుర్తు పెట్టింది ప్రవీణ ఒక్కతే" అంటాడా? సిగ్గుండక్కర్లా?

అసలు మీ మేనకోడలు చేసే ఉద్యోగం ఏపాటిదండీ? హైటెక్ సిటీలో ఏసీ గదిలో కూర్చుని, డ్రోన్లు తీసిన ఫొటోల్లో ఇది ఇల్లు, ఇది రోడ్డు, ఇది గోదాము అని గుర్తులు పెట్టడం. అంతే! ఏ మ్యాపుల వాళ్లకో అనుకున్నా నేను. తీరా చూస్తే ఎక్కడో యుద్ధం చేస్తున్న సైన్యానికట. గోదామని మనమ్మాయి గుర్తు పెట్టిన కప్పు మీద బాంబు పడింది. లోపల సంసారాలున్నాయి బావగారూ, పిల్లాపాపలతో!

ఇప్పుడు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు లాయర్లు దీన్ని సాక్షిగా వాంగ్మూలం ఇమ్మంటున్నారు. రేపే.

ఏంటీ? ఆఫీసులో ఉన్నంతమాత్రాన అందరూ నేరస్తులైపోరంటారా? అబ్బ, ఎంత చల్లని మాటండీ! కోర్టులో పనిచేసిన మనిషి అనిపించుకున్నారు. ఆఁ... పథకం తెలిసుండాలి, తెలిసి చెయ్యి వేసుండాలి. అప్పుడే బాంబు వేసినవాడి పక్కన వీళ్లనీ నిలబెడతారు. అంతేగా?

మరి నేను చెప్పిందీ అదే కదండీ! పొద్దున టిఫిన్ దగ్గర కూర్చోబెట్టి, "నాకేం తెలీదు అనెయ్ తల్లీ, అక్కడితో అయిపోతుంది" అన్నా.

తుంచిన దోసె ముక్క మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

"కప్పు మీద బట్టలు ఆరేసి ఉన్నాయి నాన్నా. గోదాము మీద ఎవరు ఆరేస్తారు?" అంది.

ఉదయ్ భాస్కర్‌ని అడిగిందట. "క్లయింటు గోదామన్నాడు, నువ్వూ గోదామను. ఇల్లని పెడితే తప్పు కింద లెక్క, టీమ్ స్కోరు పడిపోతుంది" అన్నాడట ఆ మహానుభావుడు! పక్క సీట్లో రోహిత్ విన్నాడు. ఏంజెల్ విన్నది. "స్కోరు చెడగొట్టకే బాబూ" అని బతిమాలింది వాళ్లే. ఆ ఫొటోలు ఎటు పోతాయో అప్పటికే గదిలో అందరికీ తెలుసట. అందరికీ! అయినా ఇది గోదామనే గుర్తు పెట్టేసింది.

అలా చూడకండి బావగారూ.

రేపు మొత్తం చెప్పేస్తుందట. ఉదయ్ భాస్కర్ పేరు, రోహిత్ పేరు, ఏంజెల్ పేరు. అన్నిటికంటే ముందు తన పేరు. సాక్షిగా పిలిచినవాళ్లు ముద్దాయిని చేస్తే? "చెయ్యనీ నాన్నా" అంటుంది. ఎవరి పోలికండీ దీనికి?

కంపెనీని తిట్టా. ఉదయ్ భాస్కర్‌ని ఫోన్లోనే కడిగేశా. ఆ సైన్యాన్నీ తిట్టా, వాళ్లకి వినపడదు గనక. కానీ మంచి పని చేస్తున్నావమ్మా అని ఒక్క ముక్క, ఒక్క ముక్క దానితో అనలేకపోయానండీ.

రేపు పొద్దున మళ్లీ అడుగుతాను. తెలీదని చెప్పమనే. ఇప్పుడు నాకూ అంతా తెలుసు, తెలిసే అడుగుతాను. మీ కోర్టు నన్నేం చేస్తుందో చేసుకోమనండి!