సుంకులమ్మ తీర్పు

సుంకులమ్మని ఒకామె ఉన్నింది. సున్నం అమ్ముకునే బతుకు. ఆమె మొగుడు ఓబులేసును రాజు చెరసాలలో ఏయించినాడంట. ఏం తప్పు జేసినాడంటే, తప్పా పాడా! రాజు తమలపాకుకు సున్నం తానే ఎక్కువ పూసుకోని నాలిక పొక్కించుకున్న్యాడు, అది అమ్మినోని తప్పంట. ఇట్లాంటివి చేసి చేసి కడుపు మండి, జనం రాజునే తరిమేసినారు. ఇంగ రాజు వద్దు, మనమే సభ పెట్టుకుందామని ఊరికొకని చొప్పున ఎంచుకున్న్యారు. సుంకులమ్మ కూడా చెయ్యెత్తింది, నా మొగుడు ఇంటికొస్తాడు గదా అని.

రాజు కొలువుండిన చోటే సభ కూచునింది. ఈమె పోయి ఏడ్చింది. ఓబులేసుది తప్పేం లేదు, ఇడిసిపెట్టాల్సిందే అని అందరూ ఒక్క మాటే అన్న్యారు. బాగుంది గదా? ఉండు మరి. ఏమైందంటే, ఆ రాజ్యంలో ఒక వాడిక ఉంది. రాజు తీర్పు జెప్పి, నోట్లో తాంబూలాన్ని పక్కనున్న ఇత్తడి తమ్మపడిగలో ఉమ్మితేనే తీర్పు అయిపోయినట్టు. ఆ సప్పుడు ఇని, ఎనకుండే చెరసాల తలుపు తలారి తీసేవాడు. ఇప్పుడు రాజు లేడు. మరి ఉమ్మేదెవురు?

ఉరుకుందప్పని ఒకడు లేచి, సభకు ఒక పెద్దను పెట్టుకుందాం, ఆయప్ప ఉమ్ముతాడు అన్న్యాడు. మద్దిలేటి ఎగిరిపడె. ఒక్కడే ఉమ్మితే వాడు రాజు గాక ఇంకేమి, అందరం ఉమ్మాల్సిందే అని. ఇంకోడు, సగం మంది కంటే ఎక్కువుమ్మితే చాల్లే అన్న్యాడు. ఇంకో మహానుభావుడు, కింద సభ ఒకటి, పై సభ ఒకటి పెడదాం, కింద సభ ఉమ్మింది సరిగ్గా పడిందో లేదో పై సభ చూస్తాది అన్న్యాడంట! అబ్బబ్బ, ఏం బుర్రలప్పా! నవ్వొద్దు, ఇంటాండు. చలికాలం పోయి ఎండలొచ్చె. సుంకులమ్మ రోజూ సద్ది తెచ్చి చెరసాల కిటికీలో అందించేది. ఎప్పుడే నన్ను ఇడిసేది అనేవాడు ఓబులేసు. మాట్లాడతాండారయ్యా అనేది ఈమె. ఒకనాటికి వానికి జరమొచ్చి, సద్ది కూడా గొంతు దిగల్యా.

ఆ పొద్దు ఆమె సభలోకి ఇసురుగా పోయింది. ఆయన సచ్చేటట్టుండాడు, తలుపు తీయించండి సామీ అనింది. ఉరుకుందప్ప ఏమన్న్యాడో తెలుసునా? "కూచోమ్మా, ఇది నీ మొగుని సంగతి కాదు, రాజ్యాంగం సంగతి!" ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ మొగాలకు రాజ్యమొకటా! మీకంటే ఆ రాజే నయం, వాడు ఉమ్మనన్నా ఉమ్మె. థూ!" అని ఉమ్మింది. యాడ పడింది? పోయి తమ్మపడిగలోనే టంగుమని పడింది.

ఎనకున్న తలారి, పాపం వానికేం తెలుసు, పుట్టినకాణ్ణించీ అలవాటు, గబగబా తలుపు తీసేసినాడు. సభంతా లేచి, ఎవుడు తీయమన్న్యాడురా నిన్ను అని అరిస్తే, "ఉమ్మినారు గద సామీ" అన్న్యాడంట. సుంకులమ్మ మొగుని చెయ్యి తన భుజం మీద ఏసుకోని, ఎనక్కి తిరిగి సూడకుండా ఇంటికి పోయింది.

ఇంగ ఆ సభ ఏం జేసిందంటావా? ఆ యమ్మ ఉమ్మింది చెల్లుతాదా చెల్లదా అని మళ్ళీ కూచునింది. ఇప్పటికీ కూచోనే ఉంటారు. తమ్మపడిగ మాత్రం అట్లే కంపు కొడతాండాది. మరి దాన్ని ఎవురు తోమాల్నో తేలాల గదప్పా!