మగ్గం గుంతలో పెరిగిన ఆకు

సభాధ్యక్షులు, మా ప్రిన్సిపాల్ విజయభాస్కర్ గారికి. వేదిక మీది పెద్దలకు. ఫ్యాను కింది కుర్చీలను ముందే పట్టుకున్న అధ్యాపకులకు. ఫ్యాను గాలి అందని వెనక వరసల్లో నిలబడ్డ నర్సరీ అక్కలకు, అన్నలకు. ఉప్మా వాసన వచ్చాకే హాల్లోకి వచ్చిన విద్యార్థి మిత్రులకు. అందరికంటే ముఖ్యంగా, మెడలో వేసిన దండను తీసి ఒళ్ళో పెట్టుకుని అందులో వాడిన పూలు ఏరి పక్కన పెడుతున్న మా సుబ్బరత్నమ్మక్కకు నమస్కారాలు. (నవ్వులు)

నా పేరు వీరేష్. కళ్యాణదుర్గం దగ్గర వేరుశనగ చేలల్లో పుట్టి, ఈ ఉద్యాన కాలేజీలోనే చదివి, ఇక్కడి నర్సరీలోనే కాంట్రాక్టు సహాయకుడిగా కుదురుకున్నవాణ్ణి. ఇరవై ఆరేళ్ళు ఈ నర్సరీని సాకి ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మనిషి గురించి మాట్లాడటానికి నాకు ఐదు నిమిషాలిచ్చారు. ఏడాదికి పన్నెండు సెకన్లు కూడా రావు. అయినా ప్రయత్నిస్తాను.

ముందుగా ఒక విన్నపం. వేదిక బల్ల మీద ఒక కుండీ ఉంది. దయచేసి అందులో ఎవరూ నీళ్ళు పోయవద్దు. ప్రిన్సిపాల్ గారూ, మీ గ్లాసులో సగం నీళ్ళు మిగిలాయి, నేను చూస్తూనే ఉన్నాను. కారణం చివర్లో మనవి చేస్తాను.

ఆ కుండీలో ఉన్నది బెగోనియా. పూల కోసం కాదు, ఆకు కోసం పెంచే రకం. వెనక వరసల్లో ఉన్నవారికి కనబడదు కాబట్టి చెబుతాను. ఆకు నడుమ నేరేడుపండు రంగు. దాని చుట్టూ జరీ పట్టీలా వెండి వలయం. అంచు పచ్చన, ఆ పచ్చదనం మీద రాణిరంగు చుక్కలు. తిరగేస్తే వెనకంతా ఎరుపు. పొద్దున ఎండకు అడ్డంగా పట్టుకుంటే లోపల ఎవరో దీపం పెట్టినట్టు ఈనెలన్నీ వెలుగుతాయి. నేను మొదటిసారి అలా చూసినప్పుడు చెప్పడానికి జోకు దొరకలేదు. నన్ను ఎరిగినవాళ్ళకు అది ఎంత పెద్ద సంగతో తెలుసు. (నవ్వులు)

ఈ ఆకు రెండు సగాలూ సమానంగా ఉండవు. ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం. బెగోనియా జాతి లక్షణమే అంత. దాని గురించి అక్క ఒకరోజు నాతో అన్న మాట ఇది: "మగ్గం మీద నేను ఇట్ల వంకరగా నేసింటే సేటు మొగానే కొట్టుంటాడు. దేవుడు నేసినాడు గాబట్టి అందురూ బాగుండాదంటారు."

మగ్గం మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికి వస్తాను. అక్కది ధర్మవరం. నేతపనివారి ఇల్లు. నాలుగేళ్ళ కిందట, నేను చివరి ఏడాది పరీక్షలకు నర్సరీ షెడ్డు నీడలో కూర్చుని, పుప్పొడిని ఒక పూవు నుంచి ఇంకో పూవుకు ఎలా అద్దాలో గట్టిగా వల్లెవేస్తుంటే, పక్కన కుండీలు తుడుస్తూ ఆమె వింది. మరునాడు అగ్గిపుల్లకు పట్టుదారం కుచ్చు కట్టుకొచ్చి, బెంగళూరు నుంచి తెప్పించిన రెండు బెగోనియాల పూలకు అద్దింది. ఆ పరీక్షలో నాకు ముప్పై ఎనిమిది మార్కులొచ్చాయి. ఆమెకు ఈ మొక్క వచ్చింది. (చప్పట్లు)

అంత తేలిగ్గా రాలేదు లెండి. పొడిలాంటి ఆ విత్తనాలు మొలిచి నాలుగాకులు వేసేసరికి వేసవి వచ్చింది. మన వేసవి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆరేసిన తువ్వాలు గేటు దాకా వెళ్ళొచ్చేలోపు అప్పడమవుతుంది. గాలిలో తేమ ఉంటే తప్ప బతకని మొక్క అది. పుస్తకం ప్రకారం చల్లని గాజు ఇల్లు కావాలి. మనకున్నది చిరిగిన గ్రీన్ నెట్ షెడ్డు. అక్క పార తీసుకుని ఆ షెడ్డు మూల నడుములోతు గుంత తవ్వింది. అడుగున ఇసుక పరిచింది, గోడలకు తడి గోనెపట్టాలు వేలాడదీసింది. ఏమిటక్కా ఇది అని అడిగితే, వాళ్ళ నాయన కూర్చున్న మగ్గం గుంత ఇలాగే చల్లగా ఉండేదని, పైన ఎండిన గాలికి పట్టుపోగు పుటుక్కున తెగుతుందని చెప్పి, ఒక్క ముక్క అంది. "తడి గాలికుండాలప్పా, కాళ్ళకు కాదు." కాళ్ళంటే మొక్క వేర్లు.

ఆ గుంతలో వందల నారు మధ్య ఒక్క మొక్క ఈ రంగులు వేసింది. పట్టభద్రుణ్ణి కాబట్టి నేను పరిశీలనగా చూసి అది తెగులని నిర్ధారించి, పీకేద్దామన్నాను. నచ్చకుంటే కండ్లు మూసుకొమ్మంది. (నవ్వులు)

ఆ ఒక్కదాన్నుంచి పన్నెండు కుండీలు చేసింది. ఇక్కడి నుంచి నా కథ కొంచెం నల్లబడుతుంది.

పోయిన ఏప్రిల్‌లో అక్క కంటి ఆపరేషనుకు ఎనిమిది రోజులు సెలవు పెట్టింది. కుండీలు నాకు అప్పగించింది. ఇంత అందాన్ని గుంతలో దాచడం దేశానికి నష్టమని నాకనిపించింది. పన్నెండింటినీ తెచ్చి ఆఫీసు వరండా నీడలో, మంచినీళ్ళ కడవల పక్కన వరసగా పెట్టాను. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నీళ్ళు తాగారు. గ్లాసులో మిగిలినవి, మనలో ఎవరం నేలపాలు చేస్తాం? మన ఊళ్ళలో పిల్లలకు నడక కంటే ముందు వచ్చే అలవాటది. మిగిలిన గుక్కెడు మొక్క మొదట్లో పోస్తాం. రోజుకు నూటయాభై మంది, ఒక్కొక్కరూ గుక్కెడు పుణ్యం చేసుకున్నారు. నేనూ చేసుకున్నాను.

తొమ్మిదో రోజు నల్లద్దాలు పెట్టుకుని అక్క వచ్చింది. మొదళ్ళు మెత్తబడి పన్నెండూ పడిపోయి ఉన్నాయి. కుండీలో మట్టి వేలితో తీసి వాసన చూసింది. తిడుతుందని తల వంచుకున్నాను. "ఈ అనంతపురంలో నీళ్ళెక్కువై సచ్చినది ఇదొగటేనప్పా," అంది. అంతే. తిట్టుంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు మా ఇద్దరినీ పిలిచారు. సార్, మీకు గుర్తుండే ఉంటుంది. ఎవరి పొరపాటని అడిగారు. నేను నోరు తెరిచేలోపు అక్క, సెలవుకు పోయే ముందు తానే నీళ్ళెక్కువ పోసి పోయానంది. మీరు అజాగ్రత్త అని ఆమెకు మెమో ఇచ్చారు. నేను గోడకు తగిలించిన క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆ వారమే నా కాంట్రాక్టు కాగితం మీ సంతకానికి రావాలి. బయటికొచ్చాక ఎందుకట్లా చెప్పావక్కా అని అడిగితే, "నాది అయిపోవచ్చినాది, నీది ఇంగా మొదులు కాల్యా. పా, పనుండాది," అంది.

పని ఏమిటంటే, కుళ్ళిన కుండీల్లో వెతికితే సగం బాగున్న ఆకు ఒక్కటి దొరికింది. బ్లేడుతో దాన్ని గోరంత ముక్కలు కోసింది, ప్రతి ముక్కలో ఒక ఈనె ఉండేలా. గుంతలో తడి ఇసుక మీద వాటిని పరిచి, కదలకుండా తుమ్మముళ్ళు గుచ్చింది. పదిహేడు ముక్కలు. కంటికి మందు వేసుకుంటూ రోజూ గుంతలోకి దిగి గోనెపట్టాలు తడిపేది. ఇసుక మీద ఒక్క చుక్క పోయనిచ్చేది కాదు. ముప్పై నాలుగు రోజులు ఏమీ కాలేదు. ముప్పై ఐదో రోజు నన్ను గుంతలోకి రమ్మంది. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. కోసిన ఈనె చివర ఆవగింజంత మొక్క. దానికి ఆకు, ఆ ఆకు మీద వెండి వలయం, ఆ వలయం బయట రాణిరంగు చుక్కలు, అన్నీ ఉన్నాయి. చచ్చిన మొక్క ఆకులోంచి కోసిన ముక్క తన మొత్తం రూపాన్ని గుర్తుపెట్టుకుంది. పైన నలభై రెండు డిగ్రీల ఎండ. నేను అక్కడే కూర్చుండిపోయాను. వేర్లు, కణాలు, విభజన, అన్నీ చదివినవాణ్ణే. చదివినందువల్ల ఆశ్చర్యం తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆ పదిహేడు ముక్కల నుంచి ఇవాళ రెండొందల కుండీలు. అన్నీ తల్లి రంగులే. అందుకే కొత్త రకంగా నమోదుకు దరఖాస్తు సోమవారం పోతోంది. అందులో అభివృద్ధి చేసినవారు అనే గడిలో మూడు పేర్లున్నాయి. అక్క పేరు లేదు, ఫైల్లో మెమో ఉంది కాబట్టి. మూడో పేరు నాది.

సార్, పన్నెండు మొక్కల్నీ చంపింది నేను. ఈ మాట పది నెలలు ఆలస్యంగా, ఇంతమంది ముందు చెబుతున్నాను, తర్వాత వెనక్కి తీసుకోవడానికి వీలుండకూడదని. ఈ నెలాఖరుకు నా కాంట్రాక్టు మళ్ళీ మీ బల్ల మీదికి వస్తుంది. అది మీ ఇష్టం. మెమో మాత్రం నా పేరుకు మార్చండి. ఆ గడిలో నా పేరు కొట్టేసి, మొదటి వరసలో సుబ్బరత్నమ్మ అని రాయండి. దరఖాస్తు నా దగ్గరే ఉంది, ఇదిగో. (అధ్యక్షులవారు జేబులో పెన్ను వెతుక్కున్నారు.)

నా పెన్ను తీసుకోండి సార్. (అధ్యక్షులవారు పేరు కొట్టేసి రాశారు. చప్పట్లు)

అక్కా, అట్లా తల అడ్డంగా ఊపొద్దు. జీవితంలో ఒక్కసారి నువ్వు చెప్పినట్టు వినను. రేపటి నుంచి గోనెపట్టాలు నేనే తడుపుతాను. కాళ్ళకు కాదు, గాలికి. ఓపికగా విన్న మీకందరికీ, రాసిన చేతికి, ఆ మొక్కను మోసిన గుంతకు నా కృతజ్ఞతలు.

ఇక కారణం చెప్పాను కాబట్టి, సార్, మీ గ్లాసు ఇలా ఇవ్వండి. మిగిలిన నీళ్ళు నేనే తాగేస్తాను. (తాగి) సెలవు.