ఐదు గంటల బస్సు

పుత్తూరులో ఒక హైస్కూలు స్టాఫ్‌రూము. సభ మొదలు కావడానికి ముప్పావు గంట ఉంది. గంగులమ్మ కుర్చీ అంచున కూర్చుంది. పక్కన కొడుకు మునికుమార్, ఎదురుగా కవుల గుంపును నడిపే తెలుగు టీచరు రంగప్రియ.

“అది కాదు గంగులమ్మ గారూ, శాలువా కప్పేటప్పుడు మీరు ఊరికే నిలబడితే చాలు. మాట్లాడాల్సిన పని లేదు.”

“నాకెందుకమ్మా శాలువా? రాసినోడు వాడు. వాడికి కప్పండి.”

“అతనికీ కప్పుతాం. మా ‘మూడో ఆదివారం’ గుంపు పెట్టి ఆరేళ్లయింది. నెలకొకసారి కూర్చుంటాం, రాసుకున్నవి చదువుకుంటాం, ఒకరికొకరం చప్పట్లు కొట్టుకుని లేచిపోతాం. ఒక్క కవి కోసమని సభ పెట్టడం ఇదే మొదలు. ఎందుకంటారా, మావాళ్లు రాసిన వాటిలో ఊరు దాటి పోయింది మీవాడి కవిత ఒక్కటే.”

“అంత లేదు మేడమ్...”

“నువ్వుండవయ్యా. నగరిలో మగ్గాల దగ్గర చదివితే మగ్గాలు ఆపేసి విన్నారు. పలమనేరులో పాలకేంద్రం ముందర చదివినాం, క్యాన్లు దించే ఆయన క్యాను భుజం మీద పెట్టుకొనే నిలబడిపోయినాడు.”

“అంతగా ఏముందమ్మా దాంట్లో?”

“అదేంటి, మీరు వినలేదా? మునీ, మీ అమ్మకు చదివి వినిపించలేదా నువ్వు?”

“వినింది మేడమ్. అంటే... మొత్తం కాదు. టైమ్ కుదరక.”

“యాడ వింటి? నాకు సదువు రాదు గదా టీచరమ్మా. మా వీధిలో వాళ్లు సెప్తారు, నీ కొడుకు నీ మీద రాసినాడు, పోయిన నీ కూతురు అముద మీద రాసినాడు అని. వీడినడిగితే, ఏముందిలే మా అంటాడు.”

“అయ్యో, నాకు నోటికి వచ్చు. నేను చెప్తానుండండి.”

“ఇప్పుడొద్దు మేడమ్. స్టేజీ మీద వింటుందిలే.”

“సెప్పనీరా. నేను వింటే ఏమైతాది?”

“వినండి. ‘ఐదు గంటల బస్సు’ అని పేరు.
నాలుగింటికే లేచి నా చెల్లెలు
పొయ్యి కంటే ముందు నవ్వింది.
అమ్మ దాని జడలో కనకాంబరాలు పెట్టి
ఫ్యాక్టరీకి కాదు, పెళ్లికి పంపినట్టు పంపింది.
వాకిలి దాటి వెనక్కి తిరిగి
పోయొస్తా మా అని చెయ్యూపింది.
మంచు ఆ చెయ్యి పట్టుకుంది, మళ్లీ వదల్లేదు.

కవిత ఇంకా ఉందమ్మా. ఈ ‘పోయొస్తా మా’ అనే కాడ ఎనిమిదో తరగతి పిల్లలు నలభై మంది హాలు నాలుగు మూలల నుంచి అదే మాట అందుకుంటారు. నెల రోజులు నేర్పించినాను. అప్పుడు మీరు స్టేజీ మీదికి రావాలి.”

“కనకాంబరాలా?”

“అవునమ్మా.”

“మునీ, ఆ పొద్దు మనింట్లో పూలు యాడివి?”

“కవిత మా అది. కవితలో అట్ల పెట్టుకుంటారు.”

“నవ్వినాదని రాసినావు.”

“మా...”

“సెయ్యూపినాదని రాసినావు.”

“గంగులమ్మ గారూ, మంచినీళ్లు తాగండి. నాదే తప్పు, ముందు ఒక మాట చెప్పకుండా గడగడా చదివేసినాను. మూడేళ్లకేం మానుతుంది.”

“టీచరమ్మా, ఈ పొద్దు ఆ పాట సదవద్దని సెప్పండి వాడికి.”

“చదవొద్దా?”

“వేరేది సదవమనండి. వాన మీద రాసినాడంట, మా మేకల మీద రాసినాడంట. అవి సదవమనండి. నేను కూసోని వింటా.”

“అమ్మా, సభ పేరే అది. గేటు దగ్గర బ్యానరు మీద మీ పాప ఫోటో కూడా వేసినాం.”

“సూసినాను. అది సూసే లోపలికి రానని వీడితో కొట్లాడినాను. నవ్వతా ఉండే ఫోటో ఏసినారు.”

“మేడమ్, మీరు మైకు చూసుకోండి. అమ్మతో నేను మాట్లాడతా.”

“సరే. ఇందాకట్నుంచి అది గీమంటానే ఉంది. మునీ, హాలు నిండిపోయింది. ఆ బస్సు యాక్సిడెంటులో పోయిన తక్కిన ఇద్దరు ఆడపిల్లల ఇంటివాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. అది గుర్తుపెట్టుకో.”

రంగప్రియ వెళ్లింది. గదిలో తల్లీ కొడుకూ మిగిలారు.

“ఏంది మా ఇది? వాళ్లు నెల రోజులుగా తిరిగి చేసినారు ఇదంతా. ఇప్పుడొచ్చి వద్దంటే ఎట్ల?”

“నన్ను ఎందుకు తెచ్చినావు ఈడికి?”

“నీ కోసమే గదా రాసింది. నిన్నెంత గొప్పగా పెట్టినాను దాంట్లో! ఇన్నవాళ్లంతా నీకు దండం పెడతా ఉండారు.”

“అదే తట్టుకోలేకుండా ఉండాను. మొన్న సంతలో ఎవురో ఒకామె వచ్చి నా సెయ్యి పట్టుకొని, నీ మాదిరి తల్లి ఉండాల అనింది. ఆ సెయ్యి తీసుకొని యాడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు.”

“నువ్వేం చేసినావు మా? పొగమంచు. అడ్డంగా లారీ. ఎవురేం చేస్తారు?”

“ఎప్పుడు రాసినావు దాన్ని?”

“అప్పుడే. పదకొండో దినం అయినాక.”

“అదేనా? గోడకానుకొని రాస్తానే ఉంటివి. ఇల్లంతా ఏడస్తా ఉంటే నీ కంట్లో నీళ్లు రాలేదు. వీడికేమైందిరా దేవుడా అనుకున్నా.”

“ఇప్పుడెందుకు మా అదంతా?”

“తలుపెయ్యి.”

“ఎందుకు?”

“ఎయ్యి రా.”

“వేసినా. చెప్పు.”

“ఆ పొద్దు అముద పోనన్నాది. వింటివా? పోను మా, అనింది. ఒళ్లు కాలతా ఉండాది సూడు అని నా సెయ్యి తీసి నుదుటి మీద పెట్టుకునింది. కాలింది మునీ. నా సెయ్యి కాలింది.”

“మా, సాలు. వదిలెయ్.”

“గమ్మునుండు. మూడేండ్లు నేను గమ్మునున్నా, ఇప్పుడు నువ్వుండు. ఆ నెలలో అప్పటికే రెండు లీవులు పెట్టినాది. ఇంగొకటి పెడితే రానే రావద్దని ఫ్యాక్టరీలో దాని పైనుండే లైను లీడరు సెప్పినాడంట. ఎంత తిరిగితే దొరికిన పని! మాత్ర మింగు, బస్సులో పడుకో, అదే తగ్గిపోతాదిలే అన్నాను.”

“ఏ తల్లయినా అదే అంటాది.”

“అది ఏడిసింది. తలుపు పట్టుకొని నిలబడుకునింది. నేను దాని వేళ్లు ఇడిపించినాను, ఒక్కొక్కటే. సద్ది టిఫిను సేతిలో పెట్టి, వీపు మీద సెయ్యేసి తోసినాను.”

“తోసుండవులే మా.”

“తోసినాను. నీకేం తెలుసు? నువ్వు నిద్రలో ఉంటివి. అది తిరిగి సూళ్లేదు. సెయ్యూపలేదు. పోయొస్తా మా అనలేదు. ఆ ఒక్క మాట అనుంటే, అది పట్టుకొని బతికేదాన్ని. నువ్వు తెచ్చి దాని నోట్లో పెట్టినావు. ఇప్పుడు నలభై మంది పిల్లోళ్లు దాన్ని నాలుగు మూలల నుంచి అంటా ఉంటే, నేను శాలువా కప్పుకోని నిలబడాల.”

“నాయనకు తెలుసా?”

“మీ నాయనకు సెప్పలేదు. తిరుత్తణి కొండెక్కి సామికి కూడా సెప్పలేదు. ఈ పొద్దు నీకు సెప్పినా.”

“సరే మా.”

“ఏం సరే?”

“శాలువా వద్దులే. స్టేజీ ఎక్కొద్దు. మేడమ్‌కు నేను చెప్తా.”

“మరి పాట? నా మొగం సూడు మునీ. ఆ కాగితం ఎందుకట్ల నలపతా ఉండావు? కోపమొచ్చిందా నా మీద? వస్తే తిట్టు. నువ్వు తిడితే నాకు కొంచెం బాగుంటాది.”

“కోపం కాదు.”

“మరేంది?”

“ఏం లేదు. మేడమ్ పిలస్తా ఉండాది.”

“పిలవనీ. ఏందో సెప్పు.”

“నువ్వు పోయి కూర్చో మా. ముందర వరసలో చోటు పెట్టినారు నీకు.”

హాలు. రంగప్రియ మైకు ముందు ఉంది. గంగులమ్మ ముందు వరసలో కూర్చుంది.

“...ఇంక నేను ఎక్కువ మాట్లాడను. మనూరి గాలి పీల్చి మన మాటల్లో రాసిన కవి, మన మునికుమార్! పిల్లలూ, నేను చెయ్యెత్తినప్పుడు మీరు అందుకోవాలి, మర్చిపోవద్దండి. రా మునీ.”

“అందరికీ నమస్కారం. పిల్లలూ, మీరు కూర్చోండి. ఈ పొద్దు మీరు ఆ మాట చెప్పే పని లేదు.”

“మునీ? ఏమైందయ్యా?”

“రెండు నిమిషాలు మేడమ్. తర్వాత మీరేమన్నా పడతాను. ఈ కవిత మీరంతా విన్నారు. నేను యాడ చదివినా ఏడిచినారు. దాంట్లో నా చెల్లెలు నవ్వతా పోయింది. ఆ నవ్వు నేను రాసింది. దానికి ఆ పొద్దు జరం. పోనని ఏడిసింది.”

“మునీ! వద్దు నాయనా. దిగు, దిగొచ్చెయ్.”

“కూర్చో మా. నీ మాట కాదు నేను చెప్పేది.”

“అందరి ముందర ఇప్పుడు ఇదెందుకు మునీ? ఆ ఇద్దరు ఆడపిల్లల ఇంటివాళ్లు ఉన్నారు...”

“వాళ్లు కూడా వినాల మేడమ్. ఆ లైను లీడరు నా జతగాడు. ఇంటర్‌లో ఒకే బెంచీ మాది. నేను ఒక్క ఫోన్ చేసుంటే లీవు ఇచ్చుంటాడు. అది అముదకు తెలుసు. మా అమ్మకు తెలీదు.”

“ఏమంటా ఉండావురా నువ్వు?”

“నువ్వు సద్ది కడతా ఉన్నప్పుడు అది నా మంచం కాడికి వచ్చింది మా. అన్నా, ఒక ఫోన్ చెయ్యన్నా అని భుజం పట్టి ఊపింది. మూడు సార్లు పిలిచింది. నేను మేలుకొనే ఉన్నాను. దుప్పటి మొగం మీదికి లాక్కున్నాను.”