మాస్టరు భార్య కొలతలు

భోజనాల వేళ. టైలరు మాస్టరు కొట్టు షట్టరు సగం దించి ఉంది. లోపల మాస్టరు, కాజాలూ హుక్కులూ కుట్టే అతని భార్య.

"మళ్లీ కొలవడం దేనికే? నీ కొలతలు నాకు కంఠతా వచ్చు."

"వచ్చినవి పాతవి. టేపు తియ్యండి."

"పాతవైతేనేం, ఆ జాకెట్టు నీకు సరిపోతోంది కదా."

"సరిపోవడం లేదు, వదులైంది. భుజం మీంచి జారుతోంది. దీనికన్నా బిగుతుగా ఒకటి కుట్టివ్వండి, చాలు."

"చూద్దాంలే. ముందు అన్నం తిను. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంది."

"అన్నం పేరెత్తకండి. ఆ వాసనకే కడుపులో తిప్పుతోంది. మొన్నటిదాకా గిన్నె అడుగు గీకి మరీ తిన్నాను, తలుచుకుంటే నా మీద నాకే రోత. పక్కింటి పిల్ల వదిలేసిన ఎంగిలి ముద్ద కూడా తిన్నాను, తెలుసా? ఎవరూ చూడకుండా, గోడవైపు తిరిగి."

"అది నీ ఆకలి కాదే, మాత్రల ఆకలి. స్టెరాయిడ్ వేసుకుంటే ఆకలి పెరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కదా."

"నమిలింది నేను, మాత్రలు కాదు."

"సరే, చెయ్యెత్తు."

"అద్దం మీద గుడ్డ తియ్యకండి."

"గిరాకీలు అద్దమేదని అడుగుతున్నారే."

"అడగనివ్వండి. నిన్న ఆ టీచరమ్మ నా ముఖంలోకి సూటిగా చూసి ఏమంది? 'కాజాలు కుట్టే ఆవిడ మానేసిందా?' అంది. నన్ను పట్టుకుని, నన్నే అడిగింది."

"ఆవిడకి చూపు ఆనదు."

"బాగా ఆనింది. ఆనింది కాబట్టే పోల్చుకోలేదు. గాలి కొట్టినట్టు ముఖం. గడ్డం కింద వెంట్రుకలు. మెడ వెనకాల దిండు కట్టినట్టు కొవ్వు, ఆ మడతల్లో చెమట కంపు. కత్తెర పిడి తగిలితే చాలు చెయ్యి కమిలిపోతోంది, తోలు ఉల్లిపొర అయిపోయింది. కంటి మీద కునుకు లేదు. చీటికిమాటికి కోపం. ఛీ, ఇదీ ఒక ఒళ్లేనా?"

"కోపం మాత్రం మాత్రల వల్ల కాదు. అది నువ్వు కాపురానికి తెచ్చుకున్నదే."

"నవ్వు రావడం లేదు."

"ఊపిరాడుతోంది కదే. అప్పట్లో ఇంటి మెట్ల మీద కూలబడి, నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకున్నావు. ఆ మాత్రలే లేకపోతే..."

"ఆ పాట ఆపి కొలవండి."

"ఊ... ఛాతీ, పాతదే. నడుము, పాతదే. అయిపోయింది."

"వేలు ఎక్కడ పెట్టి చదివారు?"

"ఎక్కడ పెడతారు, అంకె మీదే."

"ఇలా ఇవ్వండి. కాజాలు కుట్టుకునేదాన్నే గానీ టేపు చదవడం రాదా నాకు?"

"ఎందుకే ఇప్పుడు..."

"ఆ చివర పట్టుకోండి. సరిగ్గా పట్టుకోండి. ఇదేంటి? ఇంతా?"

"ఊపిరి బిగబట్టావు, అందుకే."

"ఊపిరి బిగబడితే ఇంత పెరుగుతుందా? తగ్గలేదు నేను. పెరిగాను. మరి జాకెట్టెలా వదులైంది?"

"గుడ్డ సాగుంటుంది. ఉతికి ఉతికి."

"ఈ గుడ్డ ఉతికితే సాగదు, కుంచించుకుపోతుంది. ఆ ముక్క గిరాకీలకి రోజూ చెప్పేది మీరే."

"అన్నం చల్లారిపోతోంది."

"ఉండండి, పక్క కుట్టు తిప్పి చూడనివ్వండి. ఇది కొత్త దారం. లోపల మడిచి ఉంచిన గుడ్డేదీ? అంతా విప్పి బయటికి వదిలేశారు. ఇదొక్కటేనా?"

"అన్నీ."

"అన్నీనా? ఎప్పటినుంచి?"

"నువ్వు ఉబ్బడం మొదలైన దగ్గర్నుంచి. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు ఒక్కోటి తీసి, కొంచెం కొంచెం."

"టేపు లేకుండా ఎలా తెలిసింది, ఎంత విప్పాలో?"

"కళ్లతో. చేతిలో పనేగా."

"అంటే పొద్దస్తమానం నా కొవ్వు లెక్కే చూస్తూ, పైకి మాత్రం 'ఏం మారలేదే, అలాగే ఉన్నావే' అన్నారన్నమాట. నా ఒంటిని చూస్తే నాకు అసహ్యమే. మీ ఈ మంచితనం చూస్తే ఇంకా అసహ్యం."

"తిట్టు. కానీ ఏం చెయ్యమంటావు? ఇంకొక్క జాకెట్టు బిగిసిందంటే మాత్రలన్నీ మురిక్కాలవలో పారేస్తానన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను. పారేస్తే ఏమవుతుంది, మళ్లీ ఆయాసం వస్తుంది. అంతేగా?"

"అంతే కాదు. ఇన్నాళ్లు వాడి ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పట. ఆ మందులాంటిదే ఒంట్లో సొంతంగా తయారవుతుందట, మాత్రలు వాడితే అది ఆగిపోయుంటుందట. డాక్టరమ్మ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలట. నువ్వు విసుక్కుని బయటికి వెళ్లిపోయావు, ఆవిడ నాతో చెప్పింది. అసలే కుమిలిపోతున్నావు, నీకెందుకు ఈ భయం కూడా అని నేనే దాచాను."

"చివరిసారి ఎప్పుడు విప్పారు?"

"పోయిన వారం. మాటిమాటికీ ఎందుకని ఈసారి ఉన్న గుడ్డంతా వదిలేశాను. కాస్త ఎక్కువైనట్టుంది... ఏంటే, అలా గోడ పట్టుకున్నావు? కూర్చో. కళ్లు తిరుగుతున్నాయా?"

"లేస్తే తిరుగుతున్నాయి. ఒంట్లో సత్తువ లేదు. పొద్దున వాంతయింది."

"తిండి మానేస్తే అవదా మరి? ఇదిగో నీళ్లు. ఖాళీ కడుపున మాత్ర వేసుకుని ఉంటావు."

"వేసుకోలేదు."

"ఇవాళ్టిదా? మర్చిపోయావా?"

"జాకెట్టు వదులైంది కదండీ. జబ్బు నయమైంది, ఒళ్లు తీసేస్తోంది, ముఖం కూడా మెల్లగా అదే తగ్గుతుందిలే అనుకున్నాను. చెబితే మీరు ఒప్పుకోరని చెప్పలేదు. ఆ రోజే మానేశాను."