ఆర్.సి. మీద పేరు

దిగకు బావా. ముందా డోరెయ్యి. ఇంత కోపంతో ఆర్టీవో ఆఫీసులోకెల్తే పని జరుగుతాదేటి? పది నిమిషాలు కూకో.

నీ కోపం నాకు తెల్దా? కారు కొని రెండేళ్ళయిపోనాది. మొన్న తాటికాయ పడి ముందద్దం పగిలితే ఇన్సూరెన్సోడు ఏటన్నాడూ? "కారు ఎల్లారావు పేరున ఉంది, మీరెవరు?" అంటాడా! మా అప్ప దేవి మొగుడివి, యారాడలో పిల్లా జెల్లా అందరికీ తెలిసిన మోహన్‌వి. నిన్ను పట్టుకుని మీరెవరంటాడా! నా కారు నీకమ్మడం ఊరంతా సూసింది, ఆడొక్కడు తప్ప.

అందుకని ఇప్పుడు ఏజెంటు సుందర్ రాజ్ కాలరు పట్టుకుంటానంటావు. కాగితాలు మింగీసినాడు, ఫీజు తినీసినాడు అని ఇంతమందిలో కేకలేత్తానంటావు. పట్టుకో, ఎవడొద్దన్నాడు? కాసేపాగి పట్టుకో. ఆయన టీకెల్లినాడు.

ఏటి? నాకెలా తెలుసా? తెలుసులే బావా. కూకో.

మంచోడు బావా ఆయన. కాగితాలిచ్చిన రోజు మనిద్దరికీ ఎంత ఇడమరిసి సెప్పినాడు! నువ్వేమో గాబరా పడిపోయి, "పాత కారు కొంటే మల్లీ లైఫ్ టాక్స్ కట్టాలా సార్?" అనడిగినావు. ఆయన నవ్వీసి ఏటన్నాడు? "ఎందుకండీ? షోరూములో కొన్నప్పుడే ఎల్లారావుగారు కట్టేశారు. ఆ టాక్స్ మనిషితో ఉండదు, బండితో వెళ్ళిపోతుంది. మన రాష్ట్రంలో ఎన్ని చేతులు మారినా మళ్ళీ అడగరు, పేరు మార్పు ఫీజు కడితే చాలు. అదే ఒడిశా బండి తెచ్చుకుంటే వేరే సంగతి. అక్కడ ఎన్.ఓ.సి. తీసుకోవాలి, బండి వయసుని బట్టి ఇక్కడ మళ్ళీ టాక్స్ కట్టాలి" అన్నాడా నేదా?

అప్పుడు నువ్వు నా ఈపు మీద ఒక్కటేసి, "అయితే బావమరిది కట్టిన టాక్స్ మీద నాను జల్సాగా తిరుగుతానన్నమాట!" అన్నావు. అందరం నవ్వినాం. నానూ నవ్వినాను.

కానీ ఆ మాట గుచ్చుకుంది బావా. ఇప్పుడు సెప్తన్నాను.

మా తాతని గానీ మా అయ్యని గానీ కారు టాక్స్ కట్టమని ఏ గవర్నమెంటైనా అడిగిందేటి? నన్నడిగింది. షోరూములో ఆ అమ్మాయి "మీ పేరు, మీ నాన్నగారి పేరు చెప్పండి సార్" అంది. సారంట నాను! ఆర్.సి. కార్డొచ్చింది. కింద మా అయ్య పేరు, ఒక్క అచ్చరం తప్పు నేకుండా. రేషన్ కార్డులో కూడా ఆయన పేరు సరిగ్గా రాయనేదు బావా ఎవడూ. ఆ రాత్రి కార్డు తలగడ కింద ఎట్టుకుని తొంగున్నాను. నవ్వకు.

తరవాత బోటింజను పోయింది, కారమ్మక తప్పిందేటి? కొబ్బరికాయ కొట్టి తాళం నీ సేతిలో ఎట్టినాను. పడవైతే మనోల్లు అంతేగదా సేత్తారు? మా అయ్య పడవ మీ అయ్య కొన్నాడు. దాని మీదున్న పేరు సెరిపినాడా? పేరు సెరిపితే పడవ అలుగుతాదన్నాడు. ముక్కలయ్యేదాకా మా అయ్య పేరుతోనే తిరిగింది. కారుకీ అంతే, పేరుదేటుంది, అని నాకు నానే సెప్పుకున్నాను.

ఏటలా సూత్తన్నావు? మంచినీల్లు తాగుతావేటి? వద్దా... సరే.

సుందర్ రాజ్ నీ కాగితాలు మింగనేదు బావా. అన్నీ తయారు సేసి ఎట్టినాడు. ముందు అమ్మినోడొచ్చి ఏలిముద్ర ఎయ్యాల, ఆ తరవాత కొన్నోడు. నా దగ్గరే ఆగిపోనాది. మూడుసార్లు ఫోన్ సేసినాడు. మూడుసార్లూ ఏటకెల్లినాను, సముద్రం మీదున్నాను అనీసినాను. మే నెల బావా! గవర్నమెంటు సేపల ఏట బందెట్టిన రోజులు. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, నాను నీ పక్కనే కూకుని పేకాడతన్నాను. సిటీలో సీతమ్మధార మనిషి, సముద్రం సంగతి ఆయనకేటి తెలుసు? "జాగ్రత్తగా రండి ఎల్లారావుగారూ, మీ కోసం ప్రార్థన చేస్తాను" అన్నాడు. అక్కడితో ఫోనెత్తడం మానీసినాను. నువ్వడిగినప్పుడల్లా, "ఏజెంట్లంతే బావా, తిప్పుతారు" అన్నాను.

పొద్దున్న నీకంటే ముందే వచ్చీసి ఆయన సేతులు పట్టుకున్నాను. ఒక్క మాట తిట్టనేదు. "మీ బావగారికి మీరే చెప్పుకోండి. నేను చెప్పను" అన్నాడు. నువ్వెల్లి దొంగన్నా కూడా నా పేరు బయటెట్టడు బావా ఆయన. అదే తట్టుకోలేకపోతన్నాను.

ఏలిముద్ర ఏసీసినాను. వలలు లాగి లాగి ఏల్లరిగిపోనాయి గదా, మూడుసార్లు మిషను ఒప్పుకోనేదు. అప్పుడు కూడా, పోనీలే, దేవుడే వద్దంటన్నాడు అనుకున్నాను. సూసినావా నా బుద్ది! నాలుగోసారి పడిపోయింది.

నీది మిగిలింది. బేగెల్లి ఏసీసి రా. ఆయన్నేటీ అనకు.

నాను దిగి బయట నిలబడతాను. నీ కారు బావా. నువ్వెక్కమంటేనే ఎక్కుతాను.